డిప్రెషన్ మందు వాడుతూ జ్ఞాపకశక్తి క్యాప్సూల్స్ వేసుకోవాలంటే: సీసా మూత తీసే ముందు చేయాల్సిన పనులు

సంక్రాంతి వెళ్ళిన మర్నాడు ఒకావిడ మా మెడికల్ షాపు కౌంటర్ మీద గుడ్డసంచి బోర్లించింది. డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాముల షీటు, సగం అయిపోయిన సారస్వతారిష్టం సీసా, అశ్వగంధ డబ్బా, ఇంకా సీలు తీయని ఒక అమెరికా సీసా బయటపడ్డాయి. "మావాడు హైదరాబాదులో అశోక్ నగర్‌లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాడు బాబూ. నాలుగు నెలల నుంచి డాక్టరిచ్చిన మాత్ర వేసుకుంటున్నాడు. చదివింది గుర్తుండట్లేదని ఇవన్నీ కొన్నాడంట. ఆ పెద్ద సీసా వాళ్ళ బావ పంపాడు. అన్నీ కలిపి వేసుకోవచ్చా?"

అమెరికా సీసా లేబుల్ మీద అక్షరాలు చీమ తలకాయలంత ఉన్నాయి. ఫోన్ టార్చి వేసి చదివితే పదకొండు పేర్లు. ఎనిమిదో పేరు దగ్గర నా వేలు ఆగింది: 5-హెచ్‌టీపీ, 100 మిల్లీగ్రాములు. డిప్రెషన్ మాత్రతో కలపకూడనిది. "అమ్మా, ఇది మాత్రం తెరవొద్దు. డాక్టరుకి చూపించేదాకా బీరువాలో పెట్టండి" అన్నాను.

"ఆయుర్వేదమే కదా, విటమిన్లే కదా, ఏమవుతుంది?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. నా సమాధానం ఒకటే. ఆ క్యాప్సూల్ నిజంగా మెదడు మీద పని చేసేదైతే అది మందే. మందైతే మీరు వేసుకునే ఇంకో మందుతో దానికి సంబంధం ఉంటుంది. ఏ పనీ చేయనిదైతే దానికి పెట్టిన డబ్బు దండగ. కాబట్టి డిప్రెషన్ మాత్ర ఒకచోట, సప్లిమెంట్లు ఇంకోచోట పెట్టి, రెండూ వేరే లోకాలన్నట్టు చూడకూడదు. కింద రాసినవన్నీ మీరు డాక్టరు దగ్గరికి సిద్ధంగా వెళ్ళడానికే. డాక్టరుకు బదులుగా వాడుకోవడానికి కాదు.

మొదటి అడుగు: మతిమరుపు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి

చాలామంది ఈ అడుగు దాటేసి నేరుగా సీసా దగ్గరికి వెళ్తారు. అసలు డిప్రెషనే జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను తినేస్తుంది. మందుతో మనసు కాస్త తేలికపడ్డా ఈ మబ్బు కొన్నాళ్ళు మిగిలిపోవచ్చు. అలాంటప్పుడు కావాల్సింది బ్రహ్మి మాత్రలు కాకపోవచ్చు. డోసు సరిచూడటమో, మందు మార్చడమో, కౌన్సెలింగో కావచ్చు.

మందు వల్ల కూడా మందకొడితనం వస్తుంది. ఎమిట్రిప్టిలిన్ లాంటి పాత మందులు నోరు ఎండబెట్టినట్టే ఆలోచననూ నెమ్మది చేస్తాయి. దానికి తోడు జలుబుకని క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న మాత్ర వేసుకుంటే ఇంకా మత్తు. మిర్టాజపిన్ వేసుకున్న మర్నాడు పొద్దున తల దిమ్ముగా ఉండటం మామూలే.

ఇంట్లో పెద్దవాళ్ళు ఈ మందులు వాడుతుంటే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి కొందరిలో, ముఖ్యంగా అరవై దాటినవాళ్ళలో, రక్తంలో సోడియం తగ్గిస్తాయి. బీపీకి నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయించేది) కూడా వాడుతుంటే ఆ అవకాశం ఎక్కువ. మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో మనిషి తికమకపడుతూ, పేర్లు మరిచిపోతూ, తూలుతూ నడుస్తుంటే "వయసైపోయింది, జ్ఞాపకశక్తి టానిక్ పట్టిద్దాం" అనుకోకండి. సోడియం పరీక్ష చేయించండి.

మిగతా పరీక్షల్లో థైరాయిడ్, హీమోగ్లోబిన్, బి12 చేయించడం మేలు. శాకాహారులకు, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకు, ఏళ్ళ తరబడి పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర మింగేవాళ్ళకు బి12 తగ్గడం మామూలు. తగ్గిందని తేలితే అది వేసుకోవడం అసలైన వైద్యం. డిప్రెషన్ మందులతో దానికి పేచీ లేదు. నిద్ర సంగతి వేరే చెప్పాలా? రాత్రి రెండింటిదాకా చదివి ఆరింటికి లేచే కుర్రాడికి నిద్ర చేసే మేలు ఏ క్యాప్సూలూ చేయదు.

రెండో అడుగు: అన్నీ బల్ల మీద పెట్టి లేబుల్ చదవండి

అన్నీ అంటే నిజంగా అన్నీ. గ్యాస్ మాత్ర, దగ్గు మందు, ప్రొటీన్ డబ్బా, జుట్టు కోసం వేసుకునే విటమిన్, వంటింటి అలమరలో ఉన్న లేహ్యం. మాకు ఇచ్చే మందుల చిట్టాలో గ్యాస్ మాత్రను ఎవరూ రాయరు. ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర ఎస్సిటలోప్రామ్‌ను కాలేయం కరిగించే వేగాన్ని తగ్గిస్తుంది. అంటే అదే డోసు రక్తంలో ఎక్కువగా నిలుస్తుంది. రెండూ కలిపి వాడేవాళ్ళు చాలామందే ఉన్నారు. భయపడి ఆపేయక్కర్లేదు గాని డాక్టరుకు మాత్రం తెలియాలి.

లేబుల్ చదివేటప్పుడు ముందువైపు బొమ్మను వదిలేసి వెనక్కి తిప్పండి. ఒక్కో పదార్థం ఎన్ని మిల్లీగ్రాములో విడివిడిగా ఉండాలి. "ప్రొప్రైటరీ బ్లెండ్, మొత్తం 900 మిల్లీగ్రాములు" అని గంపగుత్తగా రాసి ఉంటే ఆ సీసా పక్కన పెట్టేయండి. ఎంత వేసుకుంటున్నామో తెలియకుండా భద్రత గురించి ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

మనదేశంలో సప్లిమెంట్ అయితే డబ్బా మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. ఆయుర్వేద మందైతే తయారీ లైసెన్సు నంబరు ఉంటుంది. ఇవి లేనిది కొనకండి. ఉన్నంత మాత్రాన మీ మాత్రతో కలిపి పరీక్షించారని మాత్రం కాదు. ఏదో ఒక సీసా పొట్లం కట్టి పంపేముందు అమెరికాలోని బంధువులు కూడా ఒక విషయం తెలుసుకోవాలి. అక్కడ సప్లిమెంట్లను అమ్మకానికి ముందు ప్రభుత్వ సంస్థ మందుల్లాగా పరీక్షించి ఆమోదించదు. 1989లో ఎల్-ట్రిప్టోఫాన్ అనే సప్లిమెంట్ వాడిన 1500 మందికి పైగా అమెరికాలో తీవ్రమైన కండరాల నొప్పుల జబ్బు బారిన పడ్డారు. ముప్పై మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది వాడిన సరుకు జపాన్‌లోని ఒకే కంపెనీ నుంచి వచ్చిందని తేలింది.

మన మూలికల దగ్గర ఇంకో చిక్కు, పేర్లు. బ్రహ్మి అని డబ్బా మీద ఉంటే అది నీటి బ్రహ్మా, లేక మన పెరట్లో పచ్చడి చేసుకునే సరస్వతి ఆకా? రెండూ వేర్వేరు మొక్కలు. మొదటిది బకోపా, రెండోది మండూకపర్ణి. రెండింటినీ బ్రహ్మి అనే అమ్ముతారు. లేబుల్ మీద శాస్త్రీయ నామం చూసుకోవడం ఒక్కటే మార్గం. వారానికోసారి సరస్వతి ఆకు పచ్చడి తినడానికీ, గాఢంగా తీసిన సారాన్ని రోజూ మింగడానికీ కూడా చాలా తేడా ఉంది. పచ్చడిని నేను లెక్కలోకి తీసుకోను.

మూడో అడుగు: మీ మాత్రది ఏ కుటుంబమో కనుక్కోండి

షీటు వెనక బ్రాండు పేరు కింద చిన్నగా ఉండేదే అసలు పేరు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూక్సెటిన్, పారోక్సెటిన్, ఫ్లువోక్సమిన్ అయితే ఎస్ఎస్ఆర్ఐలు. మూడ్‌తో సంబంధమున్న సెరటోనిన్ అనే రసాయనం మెదడులో ఎక్కువసేపు నిలిచేలా చేస్తాయి. వెన్లాఫాక్సిన్, డ్యులోక్సెటిన్ సెరటోనిన్‌తో పాటు నారడ్రినలిన్ అనే ఇంకో మెదడు రసాయనం మీదా పని చేస్తాయి. ఎమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ పాతకాలం ట్రైసైక్లిక్‌లు. బుప్రోపియాన్, మిర్టాజపిన్ దారులు వేరు. ఎంఏఓ ఇన్హిబిటర్లనే పాతరకం డిప్రెషన్ మందులు మన దగ్గర అరుదు. కానీ ఎవరైనా వాడుతుంటే ఏ సప్లిమెంటూ డాక్టరును అడక్కుండా ముట్టకూడదు, తిండికి కూడా పథ్యం ఉంటుంది.

కుటుంబం ఎందుకంటే, మీ పక్కింటాయన "నేను వేసుకున్నా, ఏం కాలేదు" అన్న మాట మీకు పనికిరాదు. ఆయన మాత్ర వేరు, మీ మాత్ర వేరు. కాఫీనే చూడండి. మామూలుగా తాగిన కాఫీలో కెఫీన్ సుమారు 5 గంటల్లో సగానికి దిగుతుంది. ఓసీడీకి (ఒకే ఆలోచన, ఒకే పని పదేపదే వేధించే జబ్బు) ఎక్కువగా ఇచ్చే ఫ్లువోక్సమిన్ వాడేవాళ్ళలో అదే సగానికి దిగడానికి 30 గంటల దాకా పట్టొచ్చు. పొద్దున రెండు గ్లాసుల ఫిల్టర్ కాఫీ, మధ్యాహ్నం కెఫీన్ ఉన్న "ఫోకస్" మాత్ర, సాయంత్రం ఎనర్జీ డ్రింక్. ఆ రాత్రి నిద్ర పట్టక గుండె దడదడలాడుతుంటే డిప్రెషన్ మందు పడలేదని తిట్టుకుంటారు. సెర్ట్రలిన్ వాడే పక్కింటాయనకు ఇంత తేడా కనిపించదు.

నాలుగో అడుగు: సీసాలో ఉన్నదాన్ని వేరుచేయండి

*సెరటోనిన్ మీద సెరటోనిన్.* అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది దీనికే. 5-హెచ్‌టీపీ, ఎల్-ట్రిప్టోఫాన్ శరీరంలో సెరటోనిన్‌గా మారే ముడిసరుకులు. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక తానే ఒక చిన్నపాటి డిప్రెషన్ మందు. శామ్-ఈ అనేది కూడా మూడ్ మీద పని చేసేదే, బైపోలార్ (దిగులు, ఉద్రేకం మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళను ఉద్రేకం వైపు నెట్టగలదు కూడా. మీ మాత్ర ఒకవైపు సెరటోనిన్ బయటికి పోకుండా గేటు మూస్తుంటే, ఇవి రెండోవైపు నుంచి పోస్తున్నట్టు. ఈ నాలుగింటినీ డిప్రెషన్ మందుతో కలిపి సొంతంగా వేసుకోవద్దు.

సెయింట్ జాన్స్ వర్ట్‌తో రెండో గొడవ కూడా ఉంది. అది కాలేయంలో మందులను కరిగించే ఎంజైములను రెచ్చగొడుతుంది. గర్భనిరోధక మాత్రలు, రక్తం పలచబడటానికి వాడే వార్ఫరిన్, అవయవ మార్పిడి చేసుకున్నవాళ్ళ మందులు పని చేయకుండా పోవచ్చు. 2000 ఫిబ్రవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది హెచ్ఐవీ మందు ఇండినావిర్ విషయంలో ఇదే చూసి. ఆపేశాక కూడా దీని ప్రభావం దాదాపు రెండు వారాలు ఉంటుంది.

సప్లిమెంట్ కాకపోయినా ఈ గంపలోనే వేయాల్సినవి రెండున్నాయి. పొడి దగ్గు సిరప్‌లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్, నొప్పులకు ఇచ్చే ట్రమడాల్. కొత్త డాక్టరు దగ్గరికి దగ్గుకో, నడుం నొప్పికో వెళ్ళినప్పుడు "నేను ఫలానా మాత్ర వాడుతున్నా" అని చెప్పడానికి మొహమాటపడతారే, అసలు ప్రమాదం అక్కడుంది.

*స్నేహితుడిచ్చిన మాత్ర.* కోచింగ్ రూముల్లో చేతులు మారే, నిద్ర రాకుండా చేసే మొడాఫినిల్ సప్లిమెంట్ కాదు. చీటీ మీద ఇవ్వాల్సిన మందు. ఇది ఎస్సిటలోప్రామ్‌ను కరిగించే ఎంజైమును అడ్డుకుంటుంది, గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. ఆపిన తరవాత కూడా నెలరోజులు ఆ ప్రభావం ఉంటుంది. పరీక్షలు రాసే అమ్మాయిలకు ఈ ముక్క ఎవరూ చెప్పరు.

*రక్తం కారే సంగతి.* ఎస్ఎస్ఆర్ఐలు రక్తం గడ్డకట్టే కణాల పనిని కాస్త తగ్గిస్తాయి. జ్ఞాపకశక్తికని అమ్మే జింకో బిలోబా అనే మూలికకు కూడా అలాంటి గుణం ఉందన్న అనుమానం ఉంది, అన్ని పరిశోధనల్లోనూ రుజువు కాలేదు. నిజంగా కడుపులో రక్తస్రావం దాకా తీసుకెళ్ళేది ఎక్కువగా మూడో మనిషి, అంటే ఆస్పిరిన్ గాని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర గాని. ఇవి వాడేవాళ్ళు జింకో జోలికి పోవద్దు. పన్ను పీకించుకునే ముందు, ఆపరేషన్ ముందు తప్పక చెప్పండి. పైగా జింకోతో ఒరిగేదేంటి? 75 ఏళ్ళు దాటిన 3069 మంది మీద అమెరికాలో ఏళ్ళ తరబడి జరిగిన పరిశోధన ఫలితం 2008లో వచ్చింది. రోజుకు 240 మిల్లీగ్రాములు వాడినా మతిమరుపు జబ్బు రావడం తగ్గలేదు.

*మన మూలికలు.* అశ్వగంధకు మత్తు గుణం ఉంది. రాత్రి మిర్టాజపిన్ లేదా ఎమిట్రిప్టిలిన్ వేసుకునేవాళ్ళకు తోడైతే పొద్దున లేవడం కష్టం, బండి నడపడం ప్రమాదం. థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు. అరుదుగా కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. డ్యులోక్సెటిన్‌కు కూడా కాలేయం విషయంలో జాగ్రత్త ఉంది కాబట్టి ఆ రెండూ కలపాలంటే నేను వెనకాడతాను. గర్భిణులు అశ్వగంధ వాడకూడదు. నీటి బ్రహ్మి సారం కాలేయ ఎంజైములను అడ్డుకుంటుందని ప్రయోగశాలలో కనిపించింది, మనుషుల్లో ఎంతవరకో స్పష్టత లేదు. దాని వల్ల మామూలుగా వచ్చేవి వికారం, విరేచనాలు. ఎస్ఎస్ఆర్ఐ మొదలుపెట్టిన కొత్తలో కూడా అవే వస్తాయి. రెండూ ఒకే వారంలో మొదలుపెడితే దేని వల్ల వచ్చిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

దూలగొండి గింజల పొడిని ఈమధ్య డోపమిన్ అనే మెదడు రసాయనాన్ని పెంచే సప్లిమెంటని తెగ అమ్ముతున్నారు. అందులో ఉన్నది ఎల్-డోపా, పార్కిన్సన్స్ జబ్బుకు ఇచ్చే మందే. బుప్రోపియాన్ వాడేవాళ్ళు, ఎంఏఓ ఇన్హిబిటర్లు వాడేవాళ్ళు దీన్ని ముట్టకూడదు.

సారస్వతారిష్టం లాంటి అరిష్టాల్లో పులియడం వల్ల పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది, సాధారణంగా 5 నుంచి 10 శాతం మధ్య. లేబుల్ మీదే రాసి ఉంటుంది. 15 మిల్లీలీటర్ల డోసులో అది చాలా కొద్ది, హడావిడి పడక్కర్లేదు. మూతతో కొలవకుండా గుక్కెడు తాగేవాళ్ళ సంగతి వేరు. తాగుడు మానడానికి డైసల్ఫిరామ్ ఇచ్చినవాళ్ళకు మాత్రం ఆ కొద్దిపాటి కూడా వద్దు.

*పెద్దగా పేచీ లేనివి.* లోపం ఉన్నప్పుడు బి12, డి విటమిన్, ఫోలిక్ యాసిడ్. మామూలు మోతాదులో చేప నూనె. టీలో ఉండే ఎల్-థియనిన్ గురించి ఇప్పటిదాకా పెద్ద ఫిర్యాదుల్లేవు. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ డిప్రెషన్ మందుతో తగవు పెట్టుకోదు గాని థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తారుమారు చేస్తుంది. రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు ఆపండి, ల్యాబులో చెప్పండి.

ఐదో అడుగు: డాక్టరుతో ఇలా మాట్లాడండి

"సార్, ఏదైనా విటమిన్ వాడొచ్చా?" అని అడిగితే "ఆ, వాడండి" అనే సమాధానమే వస్తుంది. బయట ఇంకా ముప్పైమంది ఓపీలో ఉంటారు. సీసా ఫొటో, వెనకవైపు లేబుల్ ఫొటో తీసుకెళ్ళండి. "మేడమ్, ఎస్సిటలోప్రామ్ 10 వేసుకుంటున్నాను. గుర్తుండట్లేదు. ఈ క్యాప్సూల్ రోజుకొకటి వేసుకుందామనుకుంటున్నాను, ఇదిగో ఇందులో ఉన్నవి. గ్యాస్ మాత్ర, థైరాయిడ్ మాత్ర కూడా ఉన్నాయి" అనండి. అరనిమిషం పడుతుంది. ఇప్పటికే వాడేసి ఉంటే దాచకండి. ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళ్ళినా ఇదే చిట్టా చూపించాలి.

ఒక పని మాత్రం చేయొద్దు. సప్లిమెంట్ కోసం డిప్రెషన్ మాత్రను మీకు మీరే ఆపకండి. ముఖ్యంగా పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టుండటం, విపరీతమైన చిరాకు వస్తాయి. జబ్బు తిరగబెట్టే ప్రమాదం వీటికి అదనం. ఫ్లూక్సెటిన్ అయితే ఆపినా అంత తొందరగా ఒంట్లోంచి పోదు, సుమారు ఐదు వారాలు పడుతుంది. "ఆపేశాను కదా, ఇప్పుడు 5-హెచ్‌టీపీ వేసుకుంటా" అనుకునేవాళ్ళు ఈ ఐదు వారాల లెక్క మరిచిపోతారు.

ఆరో అడుగు: సరేనన్నాక, ఒక్కొక్కటిగా

డోసు మారిన వారంలో కొత్తది మొదలుపెట్టకండి. ఒకసారికి ఒక్కటే, అదీ తక్కువ మోతాదుతో. పదకొండు పదార్థాల సీసాతో ఇది కుదరదు, అందుకే నాకు అలాంటివి నచ్చవు. క్యాలెండర్ మీద ఆ తేదీ దగ్గర పేరు రాయండి. రోజూ నిద్ర ఎన్ని గంటలు, కడుపు ఎలా ఉంది, మనసు ఎలా ఉంది, మూడు ముక్కలు చాలు. నీటి బ్రహ్మి లాంటివాటిలో ఫలితం కనిపించిందన్న పరిశోధనలు దాదాపు 12 వారాలు వాడించి చూసినవి. కాబట్టి రేపటి పరీక్షకు ఈరోజు వేసుకోవడంలో అర్థం లేదు. మూడు నెలలైనా తేడా లేకపోతే ఆపేయండి.

ఏడో అడుగు: ఎప్పుడు పరుగెత్తాలి

సెరటోనిన్ మితిమీరితే సాధారణంగా కొత్తది వేసుకున్న గంటల్లోనే, చాలావరకు ఒక్కరోజు లోపలే తెలుస్తుంది. మొదట కాలు ఒకచోట నిలవని కంగారు, చేతుల వణుకు, చెమటలు, విరేచనాలు, గుండె దడ. టెన్షన్ అనుకుని పడుకోబెట్టేస్తారు. పడుకోబెట్టినప్పుడు కాళ్ళు చూడండి. పాదాన్ని పైకి నొక్కిపట్టినప్పుడు అది లయగా టకటకా కొట్టుకుంటుంటే, కండరాలు బిగుసుకుంటుంటే, జ్వరం ఎక్కుతుంటే, మాట తడబడుతుంటే ఇక ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. అన్ని షీట్లు, సీసాలు సంచిలో వేసుకుని వెళ్ళండి. అక్కడి డాక్టరుకు ఆ సంచే సగం సమాధానం.

నల్లగా తారులాంటి విరేచనం, ఆగని ముక్కు రక్తం, కళ్ళు పచ్చబడటం, మూర్ఛ, ఇవి కూడా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాల్సినవే. నాలుగు రోజులుగా నిద్ర లేకపోయినా అలుపు లేకుండా గలగలా మాట్లాడుతూ డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెడుతుంటే మానసిక వైద్యుడికి వెంటనే చెప్పాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఏ వేళైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఇరవై ఐదేళ్ళలోపు వాళ్ళు మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఇంట్లోవాళ్ళు ఓ కంట కనిపెట్టి ఉండాలి.

కోలుకున్నాక ఇంకో ఫోన్ కూడా చేయండి. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రాం ఆఫ్ ఇండియా ఉచిత నంబరు 1800-180-3024. మూలికలు, సప్లిమెంట్ల వల్ల వచ్చిన ఇబ్బంది కూడా చెప్పొచ్చు. మన దగ్గర ఇలాంటివి ఎన్ని జరుగుతున్నాయో లెక్క తేలకపోవడానికి కారణం ఎవరూ చెప్పకపోవడమే.

ఆ సంచి ఆవిడ నెల తరవాత కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. డాక్టరు ఎస్సిటలోప్రామ్ అలాగే ఉంచి, అశ్వగంధ ఆపించి, రక్తపరీక్ష చేయించారట. బి12 బాగా తక్కువ. చీటీలో బి12 ఇంజెక్షన్లు ఉన్నాయి. "ఆ అమెరికా సీసా ఏం చేయమంటారు?" అని కుర్రాడు అడిగాడు. బావకు ఫొటో పెట్టి ఇంకెవరికీ పంపొద్దని చెప్పమన్నాను. ఆవిడ అప్పటికే క్యాప్సూల్స్ పారబోసి, సీసా కడిగి, అందులో ఆవాలు పోసేసిందట.